కత్తివాడు, మేకవాడు

పురావస్తుశాల గుమాస్తా ఆ ఉదయం అనుకున్న పని చిన్నదే. తొమ్మిదింటికి పాత ఫొటో కింద పేర్ల పట్టీ అంటించాలి. పదింటికి పురపాలక సంఘం చైర్మన్ వచ్చి తెర తీస్తారు. మూడేళ్ళుగా తాత్కాలికంగా ఉన్న ఆమె ఉద్యోగాన్ని ఖాయం చేసే కాగితం మీద అక్కడే సంతకం పెడతారు.

పందొమ్మిదో శతాబ్దం నాటి ఊరి రక్షణ దళం ఫొటో అది. పదకొండు మంది, ఒకే వరస. ఎవరో పుణ్యాత్ముడు ఒక్కొక్కడికీ సరిగ్గా వెనక, అట్ట మీద పెన్సిలుతో పేరు రాసి పెట్టాడు. గుమాస్తా అట్ట తిప్పి ఎడమ నుంచి కుడికి పేర్లన్నీ పొందిగ్గా ఎక్కించుకుంది. ఆ లెక్కన ఎడమ చివర కత్తి దూసి నిలబడ్డ ఆరడుగుల మనిషి చైర్మన్ ముత్తాత.

ఈ మాటను పై అధికారి నెల ముందే చైర్మన్ చెవిన వేశాడు. చైర్మన్ అలాంటి మీసమే పెంచాడు. అలాంటి కోటే కుట్టించాడు. కత్తివాడి నిలువెత్తు రంగుల చిత్రం గీయించి ముందే పంపించాడు.

తొమ్మిదింటికి అద్దం తుడుద్దామని ఆమె ఫొటోను బయటికి తీసి రెండు వేళ్ళతో పట్టుకుంది. బొటనవేలు కత్తివాడి మీద ఉంది. వెనక చూపుడువేలు ఇంకెవరి పేరు మీదో ఉంది. అట్ట తిప్పితే వరస కూడా తిరగబడుతుందని ఆమెకు అప్పుడు తట్టింది.

చైర్మన్ ముత్తాత కుడి చివర ఉన్నాడు, టోపీ కళ్ళ మీదికి జారి, మేకను పట్టుకుని. మేక కుదురుగా నిలబడింది. మనిషే కదిలి మసకబారాడు. కత్తివాడు ప్రతిపక్ష నాయకుడి ముత్తాత.

విన్న అధికారి కుర్చీలో కూలబడ్డాడు.

"నోరు విప్పకు. ఫొటోలోవాళ్ళేమన్నా లేచొచ్చి సాక్ష్యం చెప్తారా?"

పాత పట్టీనే అంటించమన్నాడు. ఆమె అంటించింది.

చైర్మన్ కోటుతో, మీసంతో, ఎనభై ఎనిమిదేళ్ళ మేనత్తతో వచ్చాడు. తెర తీసి, తమ వంశంలో నిలబడ్డ చోటు నుంచి కదిలినవాడు లేడని ఉపన్యసించాడు. విలేకరులు రాసుకున్నారు. ఆయన సంతకానికి పెన్ను తీశాడు. మేనత్త భూతద్దంతో ఫొటో దగ్గరికి నడిచింది.

"ఒరేయ్, ఈ కత్తివాడెవడ్రా?"

"మీ తాతే అత్తా."

"వీడికి రెండు చెవులున్నాయి. మా తాతకి ఎడమ చెవి మేక కొరికేసింది."

అత్తకు చూపు ఆనడం లేదని, ఎవరైనా కారు దాకా తీసుకెళ్ళమని చైర్మన్ అన్నాడు. పెన్ను కాగితానికి అంగుళం దూరంలో ఉంది. అధికారి గుమాస్తా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఒక్క నిమిషం ఊరుకుంటే చాలు.

"మామ్మగారు చెప్పిందే నిజమండి. పట్టీ రాసింది నేనే. వరస తిరగబడింది. మీ ముత్తాత ఆ చివర ఉన్నారు."

చైర్మన్ పెన్నుకు మూత పెట్టాడు. ముసలావిడ అప్పటికే కుడి చివరికి చేరింది. మేకవాడి మీద భూతద్దం పెట్టింది.

"తానూ ఆ ఫొటోలో ఉన్నానని మా తాత చచ్చేదాకా చెప్పాడు. ఇంట్లో ఒక్కరమూ నమ్మలేదు. సంతకం పెట్టరా."

"అది కాదత్తా..."

"సొంత తాతని మేకకి వదిలేసి ఊళ్ళోవాళ్ళ తాతకి దండం పెడతావా?"

విలేకరులు అదీ రాసుకుంటున్నారు. చైర్మన్ సంతకం పెట్టాడు.

మర్నాడు ప్రతిపక్ష నాయకుడు వచ్చి, చైర్మన్ గారి అభిరుచిని మెచ్చుకుని, నిలువెత్తు చిత్రాన్ని జాగ్రత్తగా బండిలో ఎక్కించుకుపోయాడు.