కళ్ళు మూసుకున్న ఇరవై రెండు ఫొటోలు

ఆ రోజు ఉదయం ఫొటో బాబాయి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదింటికి బడికి వెళ్ళాలి, టీచర్ల గ్రూపు ఫొటో ఒకటి తీయాలి, పదింటికల్లా తిరిగొచ్చి స్టూడియో తలుపులు తెరవాలి. ఇరవై రెండేళ్ళుగా ఏటా చేస్తున్న పనే కాబట్టి దాన్ని కళ్ళు మూసుకుని చేసేయగలనని అందరితోనూ చెబుతుంటాడు. చిక్కల్లా ఏమిటంటే, ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకున్నది ఆయన కాదు, పెద్ద మేడమ్.

పెద్ద మేడమ్ అంటే ఆ బడి హెడ్మిస్ట్రెస్. బడి వరండా గోడ మీద ఏడాదికొకటి చొప్పున ఇరవై రెండు గ్రూపు ఫొటోలు వరసగా వేలాడుతుంటాయి. ఇరవై రెండింటిలోనూ ఆవిడ ముందు వరస మధ్య కుర్చీలో నిటారుగా కూర్చుని, కళ్ళు గట్టిగా బిగించి ఉంటుంది. కొత్తగా పిల్లల్ని చేర్పించడానికి వచ్చినవాళ్ళు ఆ ఫొటోలు చూసి, పాపం ఆవిడకి చూపు లేదనుకుని, చెయ్యి పట్టుకుని మెట్లు దింపబోయిన సందర్భాలున్నాయి. ప్రతి ఫొటో కిందా కుడివైపు మూల బాబాయి స్టూడియో పేరు బంగారు రంగు అక్షరాల్లో మెరుస్తుంటుంది. ఆ వరండాలో ఆయన ఎప్పుడూ నేల చూపులు చూస్తూనే నడుస్తాడు.

కెమెరాలు మూడు మార్చాడు. లైట్లు మార్చాడు. రెండేళ్ళ కిందట ఆయన కూతురు కంప్యూటర్లో సైన్సు మేడమ్ కళ్ళు తీసి పెద్ద మేడమ్ మొహంలో అతికించింది. ఆ ఫొటో గోడ మీద ఉన్న వారం రోజులూ పిల్లలు ఆ వైపు నుంచి నడవడం మానేశారు. చివరికి దాన్ని దింపి, కళ్ళు మూసుకున్నదే మళ్ళీ తగిలించారు.

ఈ ఏడాదితో పెద్ద మేడమ్ రిటైరవుతోంది. ముందు రోజు సాయంత్రం ఆవిడే ఫోన్ చేసి, "బాబాయ్ గారూ, ఒక్క ఫొటోలో అయినా కళ్ళు తెరిచి ఉండాలని ఉందండీ. ఇదే చివరిది కదా," అంది. ఆ మాట విన్నప్పటినుంచీ బాబాయికి మనసు మనసులో లేదు.

"నాన్నా, ఇవాళ చిన్నది తీసుకెళ్దాం," అంది కూతురు, ఆయన కాఫీ గ్లాసు పక్కన ఒక బుల్లి కెమెరా పెడుతూ.

"ఈ సబ్బుపెట్టెనా? ఇది మెళ్ళో వేసుకుని వెళ్తే నేను ఫొటో తీయడానికొచ్చానని ఎవరూ అనుకోరు. దిగడానికొచ్చాననుకుని నన్ను కూడా వరసలో నిలబెడతారు."

"నీ పెద్దదాంట్లో నొక్కిన ప్రతిసారీ లోపల అద్దం పైకి లేచి టప్పుమని కొట్టుకుంటుంది. ఆ చప్పుడు వస్తుందనే మేడమ్ ముందే కళ్ళు మూసేస్తున్నారు. ఇది మిర్రర్‌లెస్. దీంట్లో అద్దమే లేదు. చప్పుడు కావాలంటే పెట్టుకోవచ్చు, వద్దంటే తీసేయొచ్చు."

"చప్పుడు లేకపోతే ఫొటో తీసినట్టు జనానికెలా తెలుస్తుంది?"

"ఫొటో చూస్తే తెలుస్తుంది నాన్నా."

వంటింట్లోంచి ఆయన భార్య తొంగి చూసింది. "పదేళ్ళలో ఎక్కడ చూసినా ఆ చిన్నవే ఉంటాయటండీ. టీవీలో చెప్పారు."

"ఆ చెప్పినవాణ్ణి ఎంత కెమెరాతో తీశారో అడిగావా?" అన్నాడు బాబాయి. దాంతో గెలిచాననుకున్నాడు.

కానీ కూతురు వదల్లేదు. పందెం కాసింది. చిన్నదాంతో పెద్ద మేడమ్ కళ్ళు తెరిపిస్తే ఆయన పెద్ద కెమెరా అద్దాల బీరువాలోకి వెళ్ళిపోవాలి. తెరిపించలేకపోతే తను జన్మలో మిర్రర్‌లెస్ మాట ఎత్తదు. బాబాయి సరేనన్నాడు. అని, కూతురు చెప్పులు వేసుకునేలోగా పెద్దదాన్ని తువ్వాల్లో చుట్టి సంచి అడుగున దాచేశాడు. అది బరువైందే, పాతదే, కానీ పక్కన లేకపోతే ఆయనకి బయటికి అడుగు పడదు.

బడి ముందు మెట్ల మీద ముప్ఫై మంది టీచర్లు మూడు వరసల్లో సిద్ధంగా ఉన్నారు. మధ్య కుర్చీలో పెద్ద మేడమ్, కొత్త చీర కట్టుకుని, పరీక్ష రాయబోయే పిల్లలా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బాబాయి చిన్న కెమెరాని ట్రైపాడ్ మీద బిగించాడు. "ఒకటి... రెండు... మూడు," అని నొక్కాడు.

ఏ చప్పుడూ లేదు. ఎవరూ కదల్లేదు.

"అయిపోయిందండీ," అన్నాడు బాబాయి.

"ఏదయిపోయింది?" అన్నాడు పై వరసలోంచి డ్రిల్లు మాస్టారు.

"ఫొటో."

"చప్పుడేదీ? బాబాయ్, మూత తీశావా?"

పెద్ద మేడమ్ 'రెండు' దగ్గరే కళ్ళు మూసేసింది. చప్పుడు వస్తే తెరుద్దామని చూస్తోంది. రాలేదు కాబట్టి అలాగే కూర్చుని, "ఇంకా తీయలేదాండీ?" అని అడిగింది. ఈసారి బాబాయి అంకెలు చెప్పకుండా తీశాడు. ఆయన కెమెరా మీదికి వంగడం చూడగానే ఆవిడ కళ్ళు మూసేసింది. ఐదు ఫొటోలు తీస్తే ఐదింటిలోనూ అదే మొహం, అదే ఓపిక.

బాబాయికి బాధ కలిగింది. దాని అడుగున కాస్త సంతోషం కూడా లేకపోలేదు. సంచిలో చెయ్యి పెట్టి, తువ్వాలు విప్పి, పెద్ద కెమెరా బయటికి తీశాడు. కూతురు నోరు తెరిచింది.

"పందేనికి కాదమ్మా, తోడు కోసం తెచ్చాను," అన్నాడు ఆయన దాన్ని మెళ్ళో వేసుకుంటూ. అసలు ఫొటోగ్రాఫరు అప్పుడే వచ్చినట్టు మెట్ల మీద అందరూ సర్దుకుని నిలబడ్డారు.

"ఒకటి, రెండు, మూడు." టప్! మేడమ్ కళ్ళు మూసింది. ఆ వెంటనే, గండం గడిచినట్టు ఊపిరి వదిలి, కళ్ళు విప్పార్చి హాయిగా నవ్వింది. ఆ నవ్వు బాబాయి చూడలేదు. నొక్కిన క్షణంలో అద్దం లేచి ఆయన కంటికి అంతా చీకటి. ఆ తర్వాత ఎప్పటిలాగే తల వంచి, తీసిన ఫొటో చూసుకుంటున్నాడు. ఇరవై రెండేళ్ళూ ఆ నవ్వు ఆయన నెత్తి మీదుగానే పోయింది. చిన్న కెమెరా తెరలో చూస్తున్న కూతురు మాత్రం చటుక్కున ఆయన చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, చప్పుడయ్యాక తెరుస్తున్నారు! నువ్వు పెద్దదాంతో ఉత్తినే చప్పుడు చెయ్యి. ఆ వెనకాలే నేను చిన్నదాంతో తీసేస్తాను. మేడమ్‌కి మాత్రం చెప్పకు, చెబితే మళ్ళీ బిగుసుకుపోతారు."

ఎత్తు బాగుంది. టప్! మేడమ్ కళ్ళు మూసి, తెరిచి, నవ్వింది. కూతురు తీసింది. అయితే ఆ చప్పుడు విని, ఫొటో అయిపోయిందని మిగతా ముప్ఫై మందీ మెట్లు దిగడం మొదలెట్టారు. ఫొటోలో మెట్లు చూసుకుంటున్న ముప్ఫై నెత్తులున్నాయి. పెద్ద మేడమ్ ఒక కన్ను చక్కగా తెరిచి ఉంది. రెండోది డ్రిల్లు మాస్టారి మోచేతి వెనక ఉంది.

మేడమ్ నీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళినప్పుడు బాబాయి అందరినీ పిలిచి చెప్పాడు. "ఈసారి చప్పుడైనా సరే కదలొద్దు. ఏం జరిగినా కదలొద్దు, మాట్లాడొద్దు. నేను చెప్పేదాకా బొమ్మల్లా ఉండాలి." టీచర్లు మామూలుగా ఎవరి మాటా వినరు. ఆ రోజు మాత్రం విన్నారు.

టప్! మేడమ్ కళ్ళు తెరిచింది. వెనక అలికిడి లేదు. దగ్గు లేదు, చీర చప్పుడు లేదు. కూతురు నొక్కేలోగా ఆవిడ కంగారుగా వెనక్కి తిరిగింది. ఫొటోలో అందరి నవ్వుల మధ్యా ఆవిడ కొప్పు పడింది.

"ఏమైంది మీకు? ఎవరూ కదలరేం?" అంది మేడమ్. లెక్కల మాస్టారి భుజం పట్టుకుని ఊపింది. ఆయన ఊగాడు కానీ నవ్వు మాత్రం చెదరనివ్వలేదు. "అయ్యో! ఎవరక్కడ! నీళ్ళు తీసుకురండి!" అని ఆవిడ కేకేసేసరికి, ఆఫీసు గదిలోని బంట్రోతు హడలిపోయి, నీళ్ళ సంగతి మరిచిపోయి, పెద్ద గంట మోగించేశాడు. అది నిప్పంటుకున్నప్పుడు మోగించే గంట. రెండు నిమిషాల్లో నాలుగు వందల మంది పిల్లలు పుస్తకాలు వదిలేసి ఆవరణలోకి పరిగెత్తుకొచ్చారు. వరసల్లేకుండా వస్తున్న పిల్లల్ని చూసి తట్టుకోలేక డ్రిల్లు మాస్టారు ఈల ఊదాడు. దాంతో బొమ్మల కొలువు చెదిరిపోయింది.

"కదలొద్దని ఎవరు చెప్పారు మీకు?" అంది మేడమ్.

ముప్ఫై వేళ్ళు బాబాయి వైపు లేచాయి.

బాబాయి మెట్ల దగ్గరికి నడిచాడు. నాలుగు వందల మంది పిల్లల ముందు నిలబడి తప్పు ఒప్పుకోవడం ఆయనకి చిన్నప్పటి తర్వాత ఇదే మొదటిసారి. "నేనేనండీ. ఈ చప్పుడు ఉత్తిది. దీంట్లోంచి కార్డు కూడా తీసేశాను. ఆ గోడ మీద ఇరవై రెండు చోట్ల మీ మూసిన కళ్ళ కింద నా పేరుంది మేడమ్. నాకు సిగ్గేస్తోంది. మీరు వెళ్ళిపోయేలోగా ఒక్కటైనా సరిగ్గా తీసివ్వాలనుకున్నాను."

మేడమ్ ఆయన్నీ, మెళ్ళో ఉన్న కెమెరానీ మార్చి మార్చి చూసింది. "ఇన్నేళ్ళూ నన్ను హడలగొట్టింది ఇదేనా? ఏదీ, ఇలా ఇవ్వండి." రెండు చేతులతో అందుకుని బరువు చూసింది. "అమ్మో! ఎక్కడ నొక్కాలి?"

బాబాయి చూపించి, రెండడుగులు వెనక్కి వేసి, ఆవిడ ఎదురుగా నిలబడ్డాడు. ఆవిడ కెమెరా కంటికి ఆనించుకుంది. "కదలకండి బాబాయ్ గారూ. ఒకటి, రెండు..."

టప్!

ఆవిడ కెమెరా దించి చూసింది. బాబాయి రెండు కళ్ళూ బిగించి, భుజాలు చెవుల దాకా లాక్కుని నిలబడి ఉన్నాడు. జన్మంతా కెమెరాకి వెనకాలే ఉన్న మనిషి, దాని ముందు నిలబడడం అదే మొదలు.

"మీరూ మూసేశారు!" అంది మేడమ్. మళ్ళీ నొక్కింది. మళ్ళీ మూశాడు. మూడోసారి 'ఒకటి' దగ్గరే మొహం పక్కకి తిప్పుకుని మూసేశాడు. అంతే, ఆవిడకి నవ్వు ఆగలేదు. కళ్ళు ఇంతింత చేసుకుని, పొట్ట పట్టుకుని నవ్వింది. వెనక ముప్ఫై మందీ, ముందు నాలుగు వందల మందీ నవ్వారు. ఆ గోలలో చిన్న కెమెరా దగ్గర నిలబడ్డ కూతురిని ఎవరూ పట్టించుకోలేదు. ఆ కెమెరా ఎన్నిసార్లు ఫొటో తీసిందో ఎవరికీ వినపడనూ లేదు.

ఇరవై మూడో ఫొటో వరండా గోడ మీదికెక్కింది. అందులో పెద్ద మేడమ్ కెమెరా పట్టుకుని, రెండు కళ్ళూ నిండుగా తెరిచి నవ్వుతోంది. ఆవిడ తనకో కాపీ అడిగి తీసుకుని, చాలాసేపు చూసి, "నేను ఇలా ఉంటానా!" అని కళ్ళు తుడుచుకుంది. పందెం మాత్రం ఇంకా తేలలేదు. చిన్నది తీయబట్టే కదా అని కూతురూ, పెద్దది మోగబట్టే కదా నవ్విందని తండ్రీ రోజూ కాఫీ దగ్గర వాదించుకుంటున్నారు. బీరువాలో చోటు ఖాళీగానే ఉంది. ఇప్పుడు ఏ పనికి వెళ్ళినా బాబాయి రెండు కెమెరాలూ మోసుకెళ్తున్నాడు.

అన్నట్టు ఆ ఫొటోలో ముందు భాగాన, పక్కకి తిరిగి, కళ్ళు గట్టిగా మూసుకుని బాబాయి కూడా ఉన్నాడు. మొన్న ఏదో పని మీద ఆయన బడికి వెళ్తే, పిల్లవాణ్ణి చేర్పించడానికొచ్చిన ఒక పెద్దాయన గోడ వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసి, చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా మెట్లు దింపాడు.