రోడ్డు = ఉంది

2002లో అరకు దగ్గరి ఒక మండలాఫీసుకి కంప్యూటర్ వచ్చింది. పల్లెల వివరాలు భద్రపరిచే ప్రోగ్రాం రాయడానికి విశాఖపట్నం నుంచి లక్ష్మీప్రసాద్ వచ్చాడు. వేరియబుల్ అంటే విలువ దాచుకునే గడి. దాన్ని ఖాళీగా వదలడం చుట్టాన్ని గుమ్మంలో నిలబెట్టి మంచినీళ్ళయినా ఇవ్వకపోవడం లాంటిదని ఆయన సిద్ధాంతం. అందుకని ఒకే ఒక్క వరుసలో, ముగ్గు పెట్టినంత అందంగా, రోడ్డు, బడి, కుళాయి మూడింటికీ తొలి విలువ 'ఉంది' అని ఇచ్చేశాడు. లేనిచోట సర్వే సిబ్బంది చూసొచ్చి మార్చుకోవచ్చు.

సిబ్బంది తెలివైనవారు. కొండెక్కితే రోడ్డు పోతుంది, ఎక్కకపోతే ఉంటుంది. అభివృద్ధికి అడ్డుపడటం ఇష్టంలేక ఎవరూ ఎక్కలేదు. ఆరు నెలల్లో ఆ మండలం జిల్లాకే ప్రథమంగా నిలిచింది. మండలాధికారి సర్వేశ్వరరావుకి శాలువా కప్పారు.

వివరాలు టైపుచేసే సత్యకుమారిది కొండమీది పల్లె. ఒకరోజు ఆమె పిన్ని సోములమ్మ తొమ్మిది కిలోమీటర్లు నడిచి, రోడ్డు కోసం అర్జీ పట్టుకొచ్చింది.

"మీ ఊరికి రోడ్డుందమ్మా," అన్నాడు సర్వేశ్వరరావు తెర చూసి, ఆప్యాయంగా.

"ఏటి బాబూ, ఉందా? మరి మా కోడల్ని డోలీ కట్టి ఎందుకు మోసినాం? దారిలో బండమీదే కనీసింది. పిల్ల బతికింది గాబట్టి సరిపోయింది. ఆ రోడ్డేదో బేగి సూపించు!"

ఉన్న రోడ్డు మళ్ళీ వేయడం ప్రజాధన దుర్వినియోగమని అర్జీ తిరస్కరించారు.

సత్యకుమారికి ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రం ప్రోగ్రాంలోని ఆ ఒక్క వరుసలో 'ఉంది' తీసి 'లేదు' అని పెట్టి ఇంటికెళ్ళిపోయింది.

తెల్లారేసరికి మండలంలో నూటతొంభై పల్లెల రోడ్లు, బడులు, కుళాయిలు మాయం. ఆఫీసు ముందున్న తారురోడ్డూ పోయింది. ఇదేమిటో తేల్చడానికి జిల్లా నుంచి బయల్దేరిన విచారణాధికారి జీపుకి డీజిలు మంజూరు కాలేదు. రోడ్డులేని చోటికి జీపెందుకని కంప్యూటర్ అభ్యంతరం. పాపం, ఆయన రైల్లో వచ్చాడు.

"గడి ఖాళీగా ఉంచుదాం సార్. ఎల్లి సూసినాకే రాద్దాం. నేనెల్తాను," అంది సత్యకుమారి విచారణ సమావేశంలో, ఉద్యోగం మీద ఆశ వదులుకుని.

"ఖాళీగానా?" విచారణ కోసం మళ్ళీ వచ్చిన లక్ష్మీప్రసాద్ నొచ్చుకున్నాడు. "చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది."

సమావేశం రెండు గంటలు ఆలోచించి, ఉందనీ లేదనీ కాని శుభప్రదమైన విలువ కనిపెట్టింది: 'మంజూరైంది'. చప్పట్లు మోగాయి. సత్యకుమారిని పనిలోంచి తీసేశారు. ఆమె నోటుపుస్తకం పట్టుకుని కొండకొండా ఎక్కి, కళ్ళతో చూసింది చూసినట్టు రాసింది. నూట నాలుగు పేజీలు. ఆఫీసువారు దాన్ని సగౌరవంగా స్వీకరించి, కంప్యూటర్ బల్ల ఊగకుండా కాలికింద పెట్టుకున్నారు.

లక్ష్మీప్రసాద్‌ని రాజధానికి పిలిపించుకున్నారు. ఇప్పుడు మనందరి వివరాలూ ఆయన ప్రోగ్రాంలోనే ఉన్నాయి. అందులో 'ప్రజల సంతృప్తి' అని ఒక గడి ఉంది. దాని తొలి విలువ 'పూర్తిగా'. మార్చమని మీరింతవరకు అడగలేదు గనక, అదే నిజం.