విట్లాక్‌గారికి నలభై నిమిషాలు

నా భార్య సంతాప సభను ఎల్మర్ విట్లాక్ కాజేశాడు. ఆయన పోయి తొంభై ఏళ్లయింది. ఇందులో వాదనకేమీ లేదు.

విట్లాక్ అమెరికా అర్థశాస్త్రవేత్త. మనుషులు కాలం వృథా చేయడం వల్లే దేశాలు చెడతాయని కనిపెట్టాడు. పాలవాళ్ల నడకనూ మంగలి కత్తెరనూ గడియారం పెట్టి కొలిచాడు. తన పెళ్లిని పదకొండు నిమిషాల్లో ముగించాడు. భార్య విడాకుల కాగితం పంపితే, చదవడానికి పట్టిన సమయాన్ని దాని వెనకే రాసుకున్నాడు.

ఇంతటి మహనీయుడి మీద, అమెరికాలో మేముండే నోవై ఊరి తెలుగు సంఘం అధ్యక్షులు రాధాకృష్ణగారు పుస్తకం రాశారు. చదివినవాళ్లు లేరు. కనక మధ్యలో ఎవరూ లేచి వెళ్లలేని సభ ఒకటి వారికి అవసరమైంది. మా ఇంట్లో చావు సమయానికి కలిసొచ్చింది.

హాలు నాలుగు నుంచి ఐదు వరకే. చివర్లో నాకు మూడు నిమిషాలు. నలభై నాలుగేళ్ల కాపురంలో ఆమెతో ఎన్నడూ అనని మాట ఒకటి కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాను. అదైనా నలుగురిలో అందామనుకున్నాను.

రాధాకృష్ణగారు లేచారు. "ఆ తల్లి కాలం విలువ తెలిసిన మనిషి. కాలం అనగానే మనందరికీ గుర్తొచ్చేది విట్లాక్!" అన్నారు. ఎవరికీ గుర్తు రాలేదు. అయినా చప్పట్లు కొట్టారు. ఉన్నది ఒక్కటే తెర. దాని మీద నా భార్య ఫొటో తీసేసి విట్లాక్ ఫొటో వేశారు. మంచులో డ్రైవ్ చేసుకుంటూ ఆలస్యంగా వచ్చినవాళ్లు ఆ తెర ముందే పూలు వేసి దణ్ణం పెట్టారు.

"పోయింది ఆంటీ అన్నావు కదే?" అంది నా వెనక ఒకావిడ.

"గ్రూప్‌లో అలాగే పెట్టారక్కా."

"మరి మీసాలేంటి?"

"ష్! ముందు పూలు వెయ్యి."

సుదీర్ఘ ప్రసంగాలు జాతికి చేసే నష్టం మీద అధ్యక్షులవారు నలభై నిమిషాల్లో అరవై రెండు స్లైడ్లు చూపించారు. తర్వాత సంఘం కార్యవర్గం ఆయనకు శాలువా కప్పింది. నేను కళ్లజోడు పెట్టుకుని లేచేసరికి సభ నడిపిస్తున్న నైనిక పరుగున వచ్చింది.

"సో సారీ అంకుల్, హాల్ క్లోజ్ చేస్తున్నారు. ఒక్క లైన్‌లో చెప్పేస్తారా? లేదంటే గ్రూప్‌లో పోస్ట్ చేయండి, అందరం లైక్ చేస్తాం."

ఆ ఒక్క లైను ఏదా అని ఆలోచిస్తుండగా లైట్లు ఆర్పేశారు.

పార్కింగ్‌లో అందరూ నా చెయ్యి పట్టుకుని "చాలా ఇన్ఫర్మేటివ్‌గా ఉంది అంకుల్" అన్నారు. ఏటా ఇదే రోజున విట్లాక్ స్మారకోపన్యాసం జరపాలని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. స్వాగత వచనాలు నన్నే పలకమంది. పలకనన్నాను. దుఃఖంలో ఉన్నానని రాసుకున్నారు.

వాళ్లను అని ఏం లాభం? మీరూ ఇంతసేపు విట్లాక్‌ను చూసి నవ్వారు. నా భార్య పేరేమిటని అడగలేదు. ఇక అడిగినా చెప్పను. ఈ సంగతి మళ్లీ నా నోట రాదు.