గది చూసొస్తానని వెళ్ళి

ఆ పొద్దున పెద్ద పనేమీ పెట్టుకోలేదు. కాఫీ తాగడం, సముద్రం ఒడ్డున కూర్చోవడం, ఆకలైతే లేవడం. దీవికి సెలవు గడపడానికి వచ్చినవాళ్ళు చేసేది అంతే. భార్య గొడుగు తీసుకుంది. కూతురు టోపీ పెట్టుకుంది. కొటేషన్ గారు మాత్రం మంచం అంచున కూర్చుని స్నానాలగది కుళాయి వైపు చూస్తున్నారు. ఆ కుళాయి తిప్పగానే ముందు దగ్గుతుంది. తరవాత నీళ్ళిస్తుంది.

ఆయన అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప మరెక్కడా కనపడదు. ఆఫీసులో సరుకులు కొనే సెక్షన్‌కు ఆయన పెద్ద గుమాస్తా. మూడు చోట్ల ధర అడిగి, మూడు కొటేషన్ కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తేగానీ గుండుసూది కూడా కొననివ్వరు. ఆ అలవాటు ఆయనతోపాటే ఇంటికీ వచ్చింది. వంకాయలకైనా మూడు బళ్ళ దగ్గర ఆగాలి. మూడో బండి చూసి వెనక్కి వచ్చేసరికి మొదటి బండిలో పుచ్చులే మిగిలేవి. భార్య పుచ్చులు కోసి పారేసి కూర వండటం నేర్చుకుంది.

ఈ సెలవు కూతురు ఇచ్చింది. "మీరిద్దరూ ఊరు దాటి ఎరగరు" అని తన జీతంతో తనే హోటల్ కుదిర్చి తీసుకొచ్చింది. ఒక్క హోటలే చూసి కుదిర్చింది. ఆ సంగతి కొటేషన్ గారి కాలిలో ముల్లులా ఉంది. పిల్ల మోసపోలేదు కదా? పైగా వచ్చినప్పటి నుంచీ అమ్మాయి ఏదో చెప్పబోయినట్టు నోరు తెరవడం, మళ్ళీ మూసేయడం ఆయన గమనించారు. హోటల్ గురించే దిగులు పడుతోందని అనుకున్నారు. నాలుగు గదులు చూసొచ్చి, "నువ్వు కుదిర్చిందే మంచిదమ్మా" అని ఒక్క మాట అంటే పిల్ల మనసు తేలికపడుతుంది.

"మీరు పదండి. నేను చెప్పులు కొనుక్కుని వస్తా. ఇసకలో ఇవి జారుతున్నాయి," అన్నారు.

"చెప్పులా? అయితే సాయంత్రానికి గానీ రారు," అంది భార్య.

పక్క హోటల్‌కు తెల్ల గేటు ఉంది. గేటు దాటితే అద్దం లాంటి గచ్చు. ఆయన అడుగు వేసిన చోటల్లా ఇసక గుర్తులు పడుతుంటే, ఒక పనిమనిషి వెనకే వచ్చి మాట్లాడకుండా తుడుస్తోంది. కొటేషన్ గారికి అక్కడే సిగ్గు మొదలైంది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నారు. ఆ వాలకంతోనే బల్ల వెనక కూర్చున్న అమ్మాయి దగ్గరికి వెళ్ళారు.

"ఒక గది చూడాలమ్మా."

"ఎప్పటికి కావాలి సార్?"

"ఇప్పుడని కాదు..."

"ఎంతమందండీ?"

ఊరికే చూస్తానంటే పొమ్మంటుందని ఒక భయం. ముగ్గురమంటే చులకన చేస్తుందని ఇంకో భయం.

"చాలామందిమి," అన్నారు.

ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచింది. "ఫంక్షనా సార్? పెళ్ళా?"

"ఆఁ."

"మీ అమ్మాయిదా?"

"ఆఁ. మా అమ్మాయిదే."

తల ఊపడం ఒకసారి మొదలుపెట్టాక మధ్యలో ఆపడం కష్టం. ఆయన ఇంకా ఊపుతుండగానే లోపలి నుంచి మీసాల మేనేజరు పరుగున వచ్చాడు. ఆయన చేతిలోని చెప్పులు తను అందుకోబోయాడు. ఆయన ఇవ్వనన్నారు. కాసేపు ఇద్దరూ చెరొకటి పట్టుకుని నడిచారు. ఒక గది చూద్దామని వచ్చిన మనిషికి మూడంతస్తుల గదులు, వంటశాల, వెయ్యి కుర్చీల హాలు, వధూవరులు నిలబడే వేదిక అన్నీ చూపించారు. వేదిక మీద నిలబెట్టి దీపాలు కూడా వేశారు. ఆ వెలుతురులో కొటేషన్ గారికి చెమట పట్టింది.

"ఎక్కడ దిగారు సార్? ఈ కాగితం మీద వివరాలు రాయండి," అన్నాడు మీసాల మేనేజరు.

నోటితో అబద్ధమాడిన మనిషికి కాగితం మీద ఆడటానికి చెయ్యి రాలేదు. హోటల్ పేరు, గది నంబరు, అన్నీ నిజాలే గుండ్రటి అక్షరాలతో రాసిచ్చారు.

అక్కడితో తిరిగి రావలసింది. కానీ తాము ఉంటున్నది ఒకటి, చూసినది ఒకటి. రెండే కాగితాలు ఆయన జన్మలో ఏనాడూ పైవాళ్ళ సంతకానికి పెట్టలేదు. మలుపు తిరిగి, కొండరాళ్ళ మీద కట్టిన హోటల్ మెట్లెక్కారు. అక్కడ బట్టతల మేనేజరు మెట్ల మీదే ఎదురొచ్చాడు.

"రండి రండి. తెల్ల గేటు వాళ్ళ హాలు చూసొచ్చారటగా? గాలి ఆడదండీ అక్కడ. పెళ్ళివారు ఉడికిపోతారు."

దీవి చిన్నది. ఇటు ఒడ్డున తుమ్మితే అటు ఒడ్డున 'చిరంజీవ' అంటారు. ఇప్పుడు కాదంటే అక్కడ ఆడింది అబద్ధమని తేలిపోతుంది. కాబట్టి కొటేషన్ గారు ఇక్కడా తండ్రి బరువుతో తలూపారు. వాళ్ళు పెళ్ళికూతురి గది తలుపు తీశారు. పరుపు చూస్తే ఒక మూరెడు మందం ఉంది. చేత్తో నొక్కితే తెలిసే సంగతి కాదని ఆయన వెల్లకిలా పడుకుని చూశారు. సరిగ్గా అప్పుడే వంటమేస్త్రి రుచికని పళ్ళెంతో లోపలికి వచ్చాడు.

"పెళ్ళికొడుకు గారు మీరేనాండీ?"

ఆయన ఉలిక్కిపడి లేచారు. ఆ పరుపు మళ్ళీ లోపలికి లాగింది. "ఛఛ! నేను పిల్ల తండ్రిని. అబ్బాయి వేరే ఉన్నాడు."

"అబ్బాయేం చేస్తారండీ?"

అడిగినవాడు ఊరికే అడిగాడు. చెప్పినాయన కూడా ఊరికే చెప్పారు. "డాక్టరు."

పిల్లనిచ్చే తండ్రి నోట మొదట వచ్చే మాట అదే. అందులో ఆయన తెలివి ఏమీ లేదు.

మధ్యాహ్నానికి తిరిగి వచ్చేసరికి, తాము దిగిన హోటల్ ముందుగదిలో ముగ్గురు మేనేజర్లు నిలబడి ఉన్నారు. మీసాలాయన పూలబుట్ట తెచ్చాడు. బట్టతలాయన పెద్ద కేకు తెచ్చాడు. ఈ హోటల్ వాడైన కళ్ళద్దాల మేనేజరు చేతులు కట్టుకుని, "మా కప్పు కింద ఉంటూ పక్కవాళ్ళ హాలులో పెళ్ళా సార్? మేమేం పాపం చేశాం?" అన్నాడు. వాళ్ళ మధ్య కూతురు నిలబడి ఉంది. కళ్ళ నిండా నీళ్ళు.

కొటేషన్ గారు తేలుకుట్టిన దొంగలా గుమ్మంలోనే ఆగిపోయారు. క్షమాపణ మాటలు నోటిదాకా తెచ్చుకున్నారు. అంతలో కూతురు వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"మీకెలా తెలిసింది నాన్నా?"

ఆయన కూతురి వైపు చూశారు. భార్య వైపు చూశారు. భార్య తనవైపు అంత మెచ్చుకోలుగా చూడటం పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

"డాక్టరని కూడా చెప్పారట," అంది అమ్మాయి ఏడుస్తూ నవ్వుతూ. "చాలామంది పశువుల డాక్టర్ని డాక్టరనే అనరు. మీరు అన్నారు. నేనసలు అతని సంగతి చెప్పడానికే మిమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చాను. రోజూ అనుకుంటున్నాను, నోరు రావట్లేదు."

"ఎందుకు రాలేదే?" అంది తల్లి.

"అబ్బాయిల్ని కూడా ముగ్గుర్ని చూసి పక్కపక్కన పెడతారేమోనని."

ముగ్గురు మేనేజర్లూ నవ్వారు. కొటేషన్ గారు నవ్వలేదు. ఆ మాట నేరుగా వచ్చి గుండెలో దిగింది. తన పిల్ల ఇన్నాళ్ళూ తనను చూసి భయపడింది. ఇప్పుడు ఆ భయం పోయింది. పోగొట్టింది ఒక అబద్ధం. 'ఏ అబ్బాయమ్మా?' అని అడిగితే ఆ మొహంలో వెలుగు ఆరిపోతుంది. అడగలేదు.

"నోట్లోంచి మాట రాని మనిషి మనసులో ఇంత దాచుకున్నారా!" అంది భార్య. ఆయనకు మధ్యాహ్నం అన్నం సహించలేదు. కేకు ముక్క కోసి ఇస్తే అది కూతురి పళ్ళెంలో పెట్టేశారు.

కూతురు అప్పటికే ఫోను చేసేసింది.

మర్నాడు పడవలో అబ్బాయీ, వాళ్ళమ్మా దిగారు. ఆవిడ బడిలో డ్రిల్లు టీచరు. నడక చూస్తేనే తెలుస్తుంది. అబ్బాయి పొడుగ్గా ఉన్నాడు, తల వంచుకుని ఉన్నాడు. ముగ్గురు మేనేజర్లూ రేవు నుంచే వెంటబడి, తమ తమ హాళ్ళ గొప్పలు చెబుతూ హోటల్ ముందుగదిదాకా వచ్చారు. డ్రిల్లు టీచరు కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"అన్నయ్యగారూ, మా వాడు ఫోను చేయగానే బయల్దేరాను. పిల్ల నోరు విప్పకముందే తెలుసుకుని, హాలు కూడా చూసుకుని వచ్చే తండ్రిని నేనెక్కడా వినలేదు."

"మా నాన్నంతే ఆంటీ," అంది అమ్మాయి. "మాట్లాడరు. అన్నీ చూస్తుంటారు. చెప్పకుండానే తెలుస్తాయి ఆయనకి."

ఆ మాట ఆమె గర్వంగా అంది. ఆయనకు మాత్రం చెంపదెబ్బలా తగిలింది. ఇక జీవితాంతం ఈ పిల్ల తనకు ఏమీ చెప్పదు. నాన్నకు తెలిసే ఉంటుందిలే అనుకుంటుంది. అంతకన్నా ఈ నలుగురిలో తల దించుకోవడమే నయం అనిపించింది. ఆయన లేచి నిలబడ్డారు.

"అమ్మా, నాకేమీ తెలీదు."

"పెద్దవాళ్ళు అలాగే అంటారు," అంది డ్రిల్లు టీచరు.

"కాదమ్మా, నిజంగా తెలీదు. నేను గదులు చూడ్డానికి వెళ్ళాను. ఈ హోటల్ మంచిదో కాదో పక్కవాటితో పోల్చుకుందామని. ఊరికే చూస్తానంటే పొమ్మంటారని పెళ్ళన్నాను. డాక్టరనేది నోటికొచ్చింది, అనేశాను. ఇలా ఒక అబ్బాయి ఉన్నాడనే నిన్న మధ్యాహ్నందాకా నాకు తెలీదు."

గది ఊడుస్తున్న పనిమనిషి చీపురు పట్టుకుని నిలబడిపోయింది. ఆయన మొహం చెవులదాకా ఎర్రబడింది. భార్య పైట చెంగు వేలికి చుట్టుకుంటూ నేల చూసింది.

"ఇన్నేళ్ళలో నిన్నొక్క రోజే మీ గురించి గొప్పగా అనుకున్నాను. అదీ దక్కనివ్వలేదు," అంది మెల్లగా.

కూతురి మొహంలో రక్తం లేదు. "అంటే... మీకు ఇష్టమై కాదా?"

"ఇష్టమో కాదో అనుకునేలోపే నువ్వు ఏడ్చేశావమ్మా. అంత సంతోషంగా ఏడుస్తుంటే అబద్ధమని చెప్పలేకపోయాను. తప్పు నాదే."

"పోనీ ఇప్పుడు చెప్పండి."

ఆయన అబ్బాయి వైపు చూశారు. అబ్బాయి లేచి నిలబడ్డాడు. "అంకుల్, నేను గేదెలకీ మేకలకీ వైద్యం చేసేవాణ్ణి. సాయంత్రం ఇంటికొస్తే ఒంటి మీద ఆ వాసనే ఉంటుంది. ముందే చెప్తున్నాను."

అడక్కుండానే తన లోపం తనే చెప్పుకున్నాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ సరుకు అమ్మేవాడూ అలా చెప్పగా కొటేషన్ గారు వినలేదు.

"నాకు వేరే చూడక్కర్లేదమ్మా," అన్నారు కూతురితో. "ఈ అబ్బాయి చాలు."

కూతురు ఆయన భుజం మీద తల పెట్టి మళ్ళీ ఏడ్చింది. ఈసారి ఆయనకు దేనికో తెలుసు. కానీ డ్రిల్లు టీచరు ఇంకా ఏమీ అనలేదు. ఆయన ఆవిడ వైపు తిరిగారు.

"మోసగాణ్ణి అనుకుంటున్నారేమో, అమ్మా. మీ అబ్బాయిని తీసుకుని వెళ్ళిపోతానన్నా నేను అడ్డు చెప్పలేను."

"నేను వచ్చిందే వద్దని చెప్పడానికండీ," అంది ఆవిడ.

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

"చెప్పకుండానే అన్నీ తెలుసుకునే వియ్యంకుడంటే మాటలా? నా నడక చూసి నాలో ఏం కనిపెడతాడో, నా వంట చూసి ఏమనుకుంటాడో అని పడవలో వచ్చినంతసేపూ గుండె దడే. ఇలాంటి మేధావితో మనకెందుకురా అని వీడితో పోట్లాడుకుంటూ వచ్చాను." ఆవిడ మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలింది. "ఇప్పుడు ధైర్యం వచ్చింది, అన్నయ్యగారూ. మీరూ మాలాంటివారే. ఇంకొంచెం తక్కువేమో కూడా."

కొటేషన్ గారు ఆ మాటకు చేతులు జోడించారు. కాదనడానికి ఆయన దగ్గర ఏమీ లేదు.

"అయితే సార్, పెళ్ళి ఖాయం. హాలు ఎవరిది?" అన్నాడు కళ్ళద్దాల మేనేజరు.

"పెళ్ళి ఇంటి దగ్గరే చేస్తాం నాయనా. ఇక్కడ చేసే తాహతు మాకు లేదు. మిమ్మల్ని ముగ్గుర్నీ తిప్పలు పెట్టాను. క్షమించండి."

మీసాల మేనేజరు బల్ల మీది పూలబుట్ట తిరిగి తీసుకున్నాడు. బట్టతల మేనేజరు మిగిలిన కేకు వైపు కాసేపు చూసి, డబ్బా మూత మాత్రం తీసుకుని వెళ్ళాడు. సాయంత్రం పడవ అప్పటికే వెళ్ళిపోయింది. అబ్బాయికీ వాళ్ళమ్మకీ గది కావాలని అడిగితే తెల్ల గేటులో లేదన్నారు, కొండరాళ్ళ మీద లేదన్నారు. తాము దిగిన హోటల్లో కూడా కళ్ళద్దాల మేనేజరు అద్దాలు తుడుచుకుంటూ లేదనే అన్నాడు. ఆడవాళ్ళు ముగ్గురూ కూతురి గదిలో సర్దుకున్నారు. మగవాళ్ళిద్దరికీ కొటేషన్ గారి గదిలోని ఒక్క మంచమే మిగిలింది.

కాబోయే అల్లుడు గురక పెట్టడని కొటేషన్ గారు ఎవరినీ అడగకుండానే, తెల్లవార్లూ సిగ్గుతో కళ్ళు తెరుచుకుని పడుకుని, స్వయంగా తెలుసుకున్నారు.