అంతా టోకెను చలవే!

మా కోడలు పనిచేసే బట్టల ఫ్యాక్టరీలో టాయిలెట్‌కు వెళ్లాలంటే టోకెను కావాలి. కుట్టు మిషన్ల వరుసకు ఒక్కటే టోకెను. అది సూపర్‌వైజరు బల్ల మీద ఉంటుంది. కొందరు దీన్ని అన్యాయం అంటారు. నేను ఒప్పుకోను. ఇంతకన్నా మేలైన ఏర్పాటు ఎక్కడైనా ఉందా?

ఆలోచించండి. టోకెను దొరకదు కాబట్టి ఆడవాళ్లు నీళ్లు తాగరు. నీళ్లు ఆదా! మిషను ఆగదు. పైగా బిగబట్టుకుని కూర్చుంటే మొహంలో ఒక గాంభీర్యం వస్తుంది. చొక్కాలకు కాలర్లు కుట్టేవాళ్లకు గాంభీర్యం ఊరికే వస్తుందా?

అలా బిగబట్టీ బిగబట్టీ మా కోడలికి పొత్తికడుపులో నొప్పి పట్టుకుంది. తీరా ఇంటికొచ్చి టాయిలెట్‌కు వెళ్తే, చుక్క రాదు. ఫిజియోథెరపీ డాక్టరమ్మ చూసింది.

"కటి అడుగున ఊయల గుడ్డలాగా కండరాలుంటాయమ్మా. నీవి బిగుసుకోవడమే తప్ప వదులవడం మర్చిపోయాయి. ఇలాగే బిగబడితే ఇంకా ముదురుతుంది. వచ్చినప్పుడు వెళ్లిపో. ఇంట్లో రోజూ మోకాళ్ల కింద దిండు పెట్టుకుని పడుకో. పొట్ట నిండా మెల్లగా గాలి పీల్చు. వదిలేటప్పుడు ఒళ్లంతా వదిలెయ్."

చూశారా! టోకెనే లేకపోతే మా ఇంట్లో ఊపిరి పీల్చడం ఎవరికి తెలిసేది?

మొదటిరోజే మా ఆవిడ పక్కన చేరింది. "ఎక్సర్‌సైజంటే గట్టిగా బిగించాలి కదే! పళ్లు బిగించి చెయ్యి!"

"బిగించకూడదట అత్తయ్యా. దవడ కూడా వదిలెయ్యాలట."

"దవడా? దానికీ దీనికీ సంబంధమేంటి?"

"నేనూ అదే అడిగాను. ఉందట."

మా ఆవిడ తన దవడ వదిలి చూసుకుంది. ఆ కాసేపూ ఇంట్లో మాట వినపడలేదు. టోకెనుకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

ఇక మావాడు. గది తలుపు మీద దబదబా బాదాడు. "ఇంకా రిలాక్స్ అవ్వలేదా? తొందరగా రిలాక్స్ అవ్వు, ఆకలేస్తోంది!"

లోపలి నుంచి గాలి వదులుతున్న చప్పుడొకటే. పాపం, వాడే వంటింట్లోకి నడిచాడు. పెళ్లైన ఇన్నేళ్లకు పొయ్యి ఎలా వెలిగించాలో కనుక్కున్నాడు. ఇదీ టోకెను చలవే!

కొన్నాళ్లకు నొప్పి తగ్గుముఖం పట్టింది. కానీ ఆదివారం వదులైంది సోమవారం ఫ్యాక్టరీలో మళ్లీ బిగుసుకునేది. చివరికి కోడలు సిగ్గు పక్కనపెట్టి, డాక్టరమ్మ మాట సూపర్‌వైజరు చెవిన వేసింది.

యాజమాన్యం వారి మనసు వెన్న! వెంటనే కరిగింది. ఇంకో టోకెను ఇవ్వలేదు లెండి. మైండ్‌ఫుల్‌నెస్ క్లాసు పెట్టారు! మిషన్లు ఆపించి, అందరినీ కళ్లు మూసుకోమన్నారు. మైకులో ఎవరిదో తీయని గొంతు: "శరీరం చెప్పే మాట వినండి. దేన్నీ పట్టి ఉంచకండి."

మిగతావాళ్లకు కొత్త. మా కోడలు చేయి తిరిగిన మనిషి. ఇట్టే వదులైంది. లేచి నిలబడింది.

"సార్, టోకెను."

"ఇప్పుడా? క్లాసు జరుగుతోంది కదమ్మా. కాసేపు బిగబట్టుకో."

"బిగబట్టొద్దనే కదా సార్ క్లాసు పెట్టింది?"

టోకెను అక్కడే వదిలేసి నడిచింది. ఆ వెనకే పక్క మిషను ఆవిడ లేచింది. ఆ వెనక ఇంకొకామె. వరుస వరుసంతా శరీరం చెప్పిన మాట విన్నది! సూపర్‌వైజరు మైకు ఎదుట ఒక్కడే మిగిలాడట.

ఆ రోజు నుంచి ఆ వరుసలో ఎవరూ టోకెను అడగడం లేదు. వచ్చినప్పుడు వెళ్తున్నారు. చొక్కాలు యథాప్రకారం తయారవుతున్నాయి. కోడలు సీసాతో నీళ్లు తీసుకెళ్తోంది.

క్లాసు మాత్రం ఎత్తేశారు. వింటే నాకు బాధేసింది. అయినా అడుగుతాను, ఒక్క టాయిలెట్ తలుపు తీస్తే తీరిపోయే దానికి, అంతమందికీ ఊపిరి పీల్చడం నేర్పాలా?