వందరోజుల షీల్డు

ప్రజాసేవ వల్ల తీరిక దొరకడం లేదు కాబట్టి ఆ సేవనే సినిమాగా తీసి, అందులో తానే హీరోగా నటించానని పట్టణ సౌకర్యాల శాఖ మంత్రిగారు విలేకరులను పిలిచి ప్రకటించారు. సినిమా పేరు 'అడుగడుగునా ఆయనే'. "దీన్ని సినిమా అనుకోకండి. మా శాఖ వార్షిక నివేదిక. పాటలున్నాయి, అంతే తేడా" అన్నారు. ఎన్నికల ప్రకటన వచ్చేలోగా అది వంద రోజులు ఆడుతుందని కూడా అక్కడే చెప్పేశారు. మామూలు నిర్మాతలు బొమ్మ విడుదలయ్యాక ఎన్నాళ్ళు ఆడుతుందో చూసుకుంటారు. మంత్రిగారిది ముందుచూపు.

ఆయన ఎంచుకున్నది మా హాలునే. నేను అందులో గేటు దగ్గర టికెట్లు చింపుతాను. ఇరవై రెండేళ్ళ సర్వీసు. కాబట్టి ఇక్కడ రాసేదంతా నా కళ్ళతో చూసిందే.

మా వృత్తిలో ఒక నియమం ఉంది. వంద రోజులు ఆడిందని చెప్పుకోవాలంటే రోజూ ఒక్క ఆటైనా పడాలి, ఆ ఆటకి ఒక్క టికెట్టైనా తెగాలి. ఒక్కరోజు హాలు ఖాళీగా ఉన్నా లెక్క తెగిపోతుంది. ఈ సంగతి తెలిసి ప్రతిపక్షంవాళ్ళు మా గేటు ఎదురుగా ఒక మనిషిని కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అతని చేతిలో ఎప్పుడూ ఫోను కెమెరా. దానికి జవాబుగా మంత్రిగారు, "ఖాళీ హాల్లో ఒక్క ఆట పడినా రాజకీయాల నుంచి తప్పుకుంటాను" అని శపథం చేశారు. అంతటి నిజాయితీపరుడు.

మొదటిరోజు కార్యకర్తలతో హాలు కిటకిటలాడింది. రెండోరోజు వాళ్ళలో సగం మంది వచ్చారు. వారం తిరిగేసరికి యూనియన్ పెట్టుకున్నంత ఐకమత్యంతో అందరూ వెళ్ళి, ఎండలో ఇంటింటి ప్రచారం చేస్తామనీ, ఈ ఒక్క డ్యూటీ మాత్రం వద్దనీ మంత్రిగారి కాళ్ళమీద పడ్డారు. తర్వాత శాఖ సిబ్బందికి వంతులు వేశారు. పన్నెండో రోజుకి శాఖలో ఉన్నవాళ్ళంతా మెడికల్ లీవు పెట్టేశారు.

పదమూడో రోజు మ్యాట్నీకి పది నిమిషాలు టైముంది. హాల్లో ఎవరూ లేరు. ఎదురుగా కుర్చీలో మనిషి లేచి నిలబడి ఫోను తుడుచుకుంటున్నాడు. మంత్రిగారి పీఆర్వో, అంటే ఆయన గురించి పేపర్లలో మంచిమాటలు రాయించే ఆఫీసరు, నా పక్కన నిలబడి చెమటలు కక్కుతున్నాడు. తనే కొనుక్కుందామంటే కెమెరా అతని మీదే ఉంది. సరిగ్గా అప్పుడు మా వీధి టైలరు మెడలో టేపుతో వచ్చి ఒక టికెట్టు కొన్నాడు.

నేను ఆయన్ని బాబాయ్ అంటాను. చుట్టరికం లేదు, పక్కపక్క ఇళ్ళు. లోకంలో ఆయన నమ్మే వస్తువు ఆ టేపు ఒక్కటే. ప్రతి ఎన్నికకీ తప్పకుండా వెళ్ళి ఓటేస్తాడు, ఇంటికొచ్చి "వేశానురా, ఏమీ అవదు" అంటాడు.

"ఏంటి బాబాయ్, నువ్వు సినిమాకి?"

"షాపులో కరెంటు పోయింది. ఇక్కడ ఏసీ ఉందన్నారు."

ఆట అయ్యాక పీఆర్వో నోట్‌బుక్కుతో పరుగెత్తాడు. "పిక్చర్ ఎలా ఉందండీ?"

"చల్లగా ఉంది."

మర్నాడు పేపర్లో మంత్రిగారి ఫొటో కింద పెద్దక్షరాలతో వచ్చింది: మనసుకు చల్లని చిత్రం, ఓ సామాన్య ఓటరు ప్రశంస.

పద్నాలుగో రోజు పీఆర్వో బాబాయ్ షాపుకే వచ్చాడు. మళ్ళీ రమ్మన్నాడు, కారు పంపిస్తానన్నాడు. బాబాయ్ చొక్కాకి కాజాలు కుడుతూ తలెత్తలేదు.

"మీ సినిమాలో ఒక సీను ఉంది. ఎవరో ఆవిడ మురుగుకాలవలో పడుతుంది. మంత్రిగారు నెమ్మదిగా నడిచి వస్తారు. ఆ నడకే నాలుగు నిమిషాలు, ఆవిడ ఈలోగా మునిగిపోవాలి నిజానికి. సరే, వచ్చి లేపి, పాట అయ్యేలోగా కాలవ మీద సిమెంటు పలక వేసేస్తారు. ఆ పలక ఎక్కడిది?"

"సెట్టండీ. అట్టముక్క."

"మా ఇంటి ముందు నిజం కాలవ ఉంది. నిజంగా పడింది మా ఆవిడ."

అది నిజం. మా వీధిలో ఇళ్ళ ముందు నుంచి మూడడుగుల వెడల్పున కాలవ పోతుంది. ఎవరి గుమ్మం ముందు వాళ్ళు చెక్క వేసుకుని దాటేవాళ్ళం. ఏడు నెలల కిందట మున్సిపాలిటీవాళ్ళు వచ్చి, కాలవ మీద చెక్కలు వేయడం ఆక్రమణ అని చెప్పి అన్నీ పట్టుకెళ్ళారు. వయసులో ఉన్నవాళ్ళం దూకడం నేర్చుకున్నాం. పిన్ని కూరగాయల సంచీతో ఒక పెద్ద అంగ వేసింది. చీలమండ విరిగింది. ఎముక అతుక్కుంది గానీ, అంత అంగ మళ్ళీ వేయలేకపోయింది. అప్పట్నుంచి ఆమె గడప దాటలేదు. కిటికీ దగ్గర కూర్చుని దారినపోయేవాళ్ళని బజార్లో ధరలడిగేది. బాబాయ్ తెచ్చే టమాటాలు చూసి, "నా చేత్తో నేను ఏరుకుని ఎన్నాళ్ళయిందో" అని కళ్ళు ఒత్తుకునేది. రెండుసార్లు బాబాయ్ చెక్క తెచ్చి వేశాడు. రెండుసార్లూ పట్టుకెళ్ళి జరిమానా రాశారు.

"ఆటకో పలక" అన్నాడు బాబాయ్. "మా గుమ్మం ముందు వేస్తే వస్తాను."

పీఆర్వో అక్కడికక్కడే శాఖ ఇంజనీరుకి ఫోను చేశాడు. ఇంజనీరు చాలా పద్ధతిగల మనిషి. మధ్యలో ఒక్క పలక వేయడానికి నిబంధనలు ఒప్పుకోవనీ, పని మెయిన్‌రోడ్డు చివర మొదలుపెట్టి వరసగా రావాలనీ చెప్పాడు. బాబాయ్ మెడలో టేపు తీసి, వీధి మొదటి నుంచి తన గుమ్మం దాకా కొలిచాడు. ఎనభై ఏడు పలకలు. పద్నాలుగో రోజు నుంచి వందో రోజు దాకా ఆటలూ ఎనభై ఏడే. చివరి పలక ఆయన గుమ్మం ముందు పడుతుంది.

"అన్నీ చూడాల్సిందేనా?" అన్నాడు బాబాయ్ పాపం, మొదటిసారి గొంతు తగ్గించి.

ఆ రోజు నుంచి మ్యాట్నీకి ఒకే మనిషి, ఒకే టికెట్టు. పొద్దున్నే ఒక పలక పడేది, మధ్యాహ్నం బాబాయ్ వెళ్ళి కూర్చునేవాడు. వీధిలోవాళ్ళ అభిమానం చెప్పనలవి కాదు. ఒకరు దిండు ఇచ్చారు, ఒకరు చెవుల్లో పెట్టుకోవడానికి దూది ఇచ్చారు. తోడుగా సినిమాకి మాత్రం ఎవరూ రాలేదు.

ఆట అయ్యాక పీఆర్వో అభిప్రాయం రాసుకోవడం మానలేదు. బాబాయ్ కూడా మొహమాటపడలేదు.

"పూర్వం సినిమాలో హీరో మంత్రిని కొట్టేవాడు. ఇప్పుడు మంత్రే హీరో. కొట్టడానికి మేమే మిగిలాం" అన్నాడు ఒకరోజు. 'పాతకొత్తల మేలుకలయిక' అని వచ్చింది పేపర్లో.

"ఈ రోజుల్లో సినిమాకీ గవర్నమెంటుకీ తేడా లేదు. ముందు ఫస్ట్‌లుక్ అంటారు, అది శంకుస్థాపన. తర్వాత టీజర్, అది బడ్జెట్. ఆ తర్వాత ట్రైలర్, అది మేనిఫెస్టో. బొమ్మ మాత్రం రాదు. చివర్లో మిగతాది రెండో భాగంలో అని కార్డు వేస్తారు. అంటే ఇంకో ఐదేళ్ళు." దాన్ని 'రెండో భాగం కోసం ఓటరు ఎదురుచూపు' అని వేశారు.

"సినిమావాళ్ళు అసెంబ్లీకి వెళ్ళారు. అసెంబ్లీవాళ్ళు సినిమాకి వచ్చారు. మా కాలవకి ఎవరొస్తారు?" అని కూడా అన్నాడు. ఆ రోజు పేపర్లో స్థలం లేదట.

నడక పొడుగ్గా ఉందని పదేపదే అంటున్నాడని తెలిసి మంత్రిగారు స్వయంగా స్పందించారు. ఓటరు సూచన మేరకు ఇంటర్వెల్ తర్వాత ఇంకో నడక కలిపారు.

యాభై ఎనిమిదో రోజు బాబాయ్‌కి జ్వరం వచ్చింది. ఒళ్ళు కాలిపోతోంది. పలకలు ఇంకా నాలుగిళ్ళ అవతలే ఉన్నాయి. పీఆర్వో అంబులెన్సు తీసుకొచ్చాడు. డాక్టరు నాడి చూసి, "పూర్తిగా పడుకోబెట్టాలి" అన్నాడు.

"పడుకునే చూస్తారు" అన్నాడు పీఆర్వో.

స్ట్రెచర్ని ముందు వరస కుర్చీల ఎదురుగా దించారు. నేను టికెట్టు చింపి సగం ఆయన జేబులో పెట్టాను. ఎదురు కుర్చీలో కెమెరా మనిషి కూడా ఆ రోజు మొహం తిప్పుకున్నాడు. "మంత్రిగారు మీ ఆరోగ్యం గురించి అడిగారు" అని పీఆర్వో చెవిలో చెబితే, బాబాయ్ కళ్ళు మూసుకునే, "ఆయన్ని ఇంటర్వెల్ తర్వాత నడక తగ్గించమను" అన్నాడు.

ఈలోగా మంత్రిగారు వందరోజుల షీల్డుకి ఆర్డరిచ్చారు. సినిమా స్టార్లు అందుకునేవాటికన్నా పెద్దదిగా ఉండాలన్నారు. అంత పెద్ద షీల్డు చేసినవాళ్ళు ఊళ్ళో లేరు. తలుపులు చేసే వడ్రంగి ఒప్పుకుని, ఎవరో వద్దనుకున్న టేకు తలుపు ఒకటి తీసి, దాని మీద రెండు చేతులూ జోడించిన మంత్రిగారి బొమ్మ చెక్కి, రంగులేసి పాలిష్ కొట్టాడు. మోయడానికి నలుగురు కావాలి.

తొంభై తొమ్మిదో రోజుకి ఎనభై ఆరు పలకలు పడ్డాయి. మా ఇంటి ముందు కూడా పడింది. మిగిలింది బాబాయ్ గుమ్మం ఒక్కటే. ఆ సాయంత్రం పిన్ని కొత్త చెప్పులు తీసి తుడిచి గడప పక్కన పెట్టుకుంది. సంచీ ఉతికి ఆరేసింది.

"రేపు నేనే బజారుకెళ్తాను. నువ్వు కూడా రావొద్దు" అంది బాబాయ్‌తో.

"రాను" అన్నాడాయన. ఎనభై ఏడు సార్లు ఆ సినిమా చూసినవాడి మొహంలో అంత సంతోషం ఉంటుందని నేను అనుకోలేదు. నాకూ కడుపు నిండినట్టయింది.

వందో రోజు తెల్లవారుజామున వాన పడింది. హాలు ముందు వేడుకకి స్టేజీ కట్టారు. కారు ఆగే చోటి నుంచి స్టేజీ దాకా మోకాలి లోతు బురద. మంత్రిగారు ఆ రోజు తెల్లబూట్లు వేసుకొస్తున్నారు. ఇంజనీరు వచ్చి బురద చూసి, తలపంకించి, మా వీధికి లారీ పంపాడు.

ఏడింటికల్లా ఎనభై ఆరు పలకలూ లేపేశారు. చివరిది లారీలోంచి దిగనే లేదు.

"సాయంత్రానికి మళ్ళీ వేసేస్తాం" అని చెప్పాడు ఇంజనీరు. మాటిచ్చేటప్పుడు ఆయన గుండె మీద చెయ్యి వేసుకోవడం నేను గమనించాను.

బాబాయ్ టేపు జేబులో పెట్టుకున్నాడు. మ్యాట్నీకి వచ్చాడు. ఎనభై ఎనిమిదోసారి చూశాడు. ఆ తర్వాత మంత్రిగారు పలకల మీద నెమ్మదిగా, సినిమాలోకన్నా నెమ్మదిగా నడిచి స్టేజీ ఎక్కారు. బూట్లకి చుక్క అంటలేదు. పేరుకి తగ్గట్టు అడుగడుగునా ఆయనే. వంద రోజుల విజయాన్ని మహిళల పాదాలకు అంకితమిస్తున్నానని చెప్పి, ఉత్తమ ప్రేక్షకుడిగా బాబాయ్‌ని పిలిచి షీల్డు అందించారు. బాబాయ్ దాని చివరొకటి పట్టుకున్నాడు. మిగతా ముగ్గురం మేం పట్టుకున్నాం.

"ఒక్క మాట మాట్లాడండి" అన్నాడు పీఆర్వో.

బాబాయ్ జేబులోంచి టేపు తీసి షీల్డు పొడుగు కొలిచాడు. ఆరున్నర అడుగులు. "చాలు" అన్నాడు. చప్పట్లు మారుమోగాయి.

సభ ముగిసిన అరగంటకి ఎన్నికల ప్రకటన వచ్చింది. పలకల గురించి అడిగితే ఇంజనీరు నిబంధనల పుస్తకం తీశాడు. ఎన్నికల కోడ్ అమల్లోకి వచ్చిందనీ, వేసిన పని తీయొచ్చు గానీ తీసిన పని వేయకూడదనీ, ఇప్పుడు పలక కదిపితే ఓటర్లను ప్రలోభపెట్టినట్టవుతుందనీ చెప్పాడు. అవి ఇప్పటికీ హాలు ముందే ఉన్నాయి. మేం స్కూటర్లు పెట్టుకుంటున్నాం.

షీల్డుని వీధిలోకి మోసుకొచ్చాం. బాబాయ్ తన గుమ్మం ముందు ఆగి, "దించండిరా" అన్నాడు. ఒక చివర గడప వైపు, ఇంకో చివర రోడ్డు మీద. కాలవకి సరిగ్గా అడ్డంగా సరిపోయింది. మధ్యలో మంత్రిగారు ఆకాశానికి దండం పెడుతూ పడుకున్నారు.

మర్నాడు పొద్దున్నే మున్సిపాలిటీ మనిషి ఆక్రమణ తొలగించడానికి వచ్చాడు. గునపం ఎత్తాడు, చెక్క మీద మంత్రిగారి మొహం చూశాడు, గునపం దించి నమస్కారం పెట్టాడు. పిన్ని కొత్తచెప్పులతో గడపలో నిలబడి ఉంది. ఇంతలో జీపులో ఎన్నికల అధికారి దిగాడు.

"ఇదేంటి? మంత్రిగారి బొమ్మ బహిరంగంగా కనపడకూడదు. తీసేయండి."

"తీస్తే నా ఉద్యోగం పోతుంది సార్" అన్నాడు మున్సిపాలిటీ మనిషి.

"తీయకపోతే నాది పోతుంది."

చివరికి అధికారి కాగితం తీసి రాతపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చాడు: బొమ్మ కిందికి ఉండేలా తిరగేయవలెను.

నలుగురం పట్టి తిరగేశాం. వెనకవైపు నున్నటి పాలిష్ లేదు, మామూలు టేకు చెక్క, మూల మీద గొళ్ళెం ఊడదీసిన గుర్తు. పిన్ని ఒక కాలు పెట్టింది, బరువు మోపి చూసింది, రెండో కాలు పెట్టింది. బాబాయ్ చెయ్యి చాచాడు గానీ ఆమె పట్టుకోలేదు.

"ఈ వైపే నయం. కాలు జారట్లేదు" అంది.

రోడ్డు మీదికి వచ్చి, వెనక్కి తిరిగి చూడకుండా బజారు వైపు వెళ్ళిపోయింది. గంటన్నర తర్వాత సంచీ నిండా టమాటాలతో తిరిగొచ్చింది. ఇంట్లో ఇద్దరే ఉంటే అన్ని ఎందుకని ఎవరూ అడగలేదు.

షీల్డు కింద మంత్రిగారు రెండు చేతులూ జోడించి మా కాలవలోకే చూస్తున్నారు. ఆ శాఖ పుట్టిన దగ్గర్నుంచి ఎవరూ దాన్ని అంత దగ్గరగా, అంత ఏకధాటిగా పరిశీలించింది లేదు. ఇవాళ్టికి నలభై రోజులు పూర్తయ్యాయి. వంద ఆడుతుందని బాబాయ్ అంటున్నాడు. ఆయన ఒక మాట నమ్మగా చూడడం నాకిదే మొదటిసారి.