పొలుసమ్మ బిడ్డ, బెల్లం ఎర

ఒక పెద్ద అడవిలో చెట్లకు చెదలు పట్టాయి. చెదలు అంతకుముందూ ఉండేవి. ఒంటినిండా పొలుసులున్న పొలుసమ్మ అనే అలుగు తన పొడుగాటి నాలుకతో వాటిని పుట్టల్లోంచి నాకి తినేసేది. దానికి జీతం లేదు, హాజరుపట్టీ లేదు. అందుకే అది కూడా ఒక పనేనని ఎవరికీ తోచలేదు.

ఆ ఏడు చెదలు సింహం గుహ ముందున్న టేకు చెట్టెక్కాయి. దాంతో అది అడవి మొత్తానికీ సమస్య అయి కూర్చుంది.

సభ పెట్టారు. కార్యదర్శి నక్క లేచింది. "ప్రభూ! బెల్లంలో మందు కలిపి పుట్టల దగ్గర ఎర పెడదాం. చెదలు తింటాయి, గూటికి మోసుకుపోతాయి, వంశంతో సహా చస్తాయి."

వెనక వరసలో పొలుసమ్మ లేచింది. దాని తోక మీద పిల్ల వేలాడుతోంది. "అయ్యా, మందు తిన్న చెదల్ని నేను తింటాను. నా పాలు నా బిడ్డ తాగుతుంది. మరి మా గతేంటి?"

నక్క కాగితాలు తిరగేసింది. "ఇందులో చెదల గురించి ఉందమ్మా, నీ బిడ్డ గురించి లేదు. కావాలంటే నెల్లాళ్లు ఉపవాసం ఉండండి."

"పాలు తాగే పిల్లకి ఉపవాసమేంటయ్యా?"

సభంతా గొల్లున నవ్వింది. ఆ నవ్విన వాళ్లలో ఒక్కరికీ సిగ్గు లేదు.

నలభై బుట్టల బెల్లం ఉండలు తయారయ్యాయి. మోయించే బాధ్యత ఎలుగుబంటిది, పంచేది కోతి, పర్యవేక్షణ నక్కది. ప్రతి బుట్ట మీదా 'పురుగులకు మాత్రమే' అని రాయించారు.

మొదటి మలుపులోనే ఎలుగుబంటికి బెల్లం వాసన తగిలింది. బుట్ట మీది రాత చదివి, "నేను పురుగునా?" అని అడిగింది.

"ఛఛ! తమరు పురుగేమిటండీ, గెజిటెడ్ ఆఫీసరు!" అంది కోతి.

అయితే ఈ మందు తమనేమీ చెయ్యదని ఇద్దరికీ ధైర్యం వచ్చింది. పర్యవేక్షణకొచ్చిన నక్క కళ్లెర్రజేసి, తన వాటా అడిగింది. పుట్టల దగ్గరికి చేరేసరికి బుట్టల్లో బెల్లానికి బదులు ముగ్గురూ చుట్టి పెట్టిన ఎర్రమట్టి ఉండలే ఉన్నాయి. చెదలు ఆ మట్టితో పుట్టకి ఇంకో అంతస్తు లేపుకున్నాయి.

మర్నాడు ముగ్గురు అధికారులూ వాగు గట్టున పొట్టలు పట్టుకుని దొర్లుతున్నారు. నాలుగు రోజుల దాకా వాగు దగ్గరికి వేరే ఎవరూ పోలేకపోయారు.

అక్కడ మందు భయంతో చెదలు ముట్టక పస్తులున్న పొలుసమ్మకి పాలు ఎండిపోయాయి. ఇక తాళలేక, బిడ్డని దూరంగా కూర్చోబెట్టి ఏడుస్తూ నాలుగు చెదలు తిన్నది. సాయంత్రం దాకా చావు కోసం ఎదురుచూసింది. చావు రాలేదు, ఆకలేసింది. పుట్టంతా ఖాళీ చేసేసింది. మర్నాటినుంచి టేకు చెట్టు పని పట్టింది.

నెల తిరిగేసరికి చెట్టు శుభ్రపడింది. "పథకం దిగ్విజయం!" అంది సింహం. నక్కకి శాలువా కప్పారు. ఇంకా చలిజ్వరంతో వణుకుతోంది కాబట్టి ఆ శాలువా పనికొచ్చింది కూడా.

"రెండో విడత వెంటనే మొదలుపెట్టండి!" అంది సింహం.

పొలుసమ్మ బిడ్డని దగ్గరికి పొదువుకుంది. "ప్రభూ, ఈసారి ఎర మోసేదెవరు?"

"ఈ ముగ్గురే. అనుభవజ్ఞులు కదా! పైగా ఈసారి ఎర బెల్లంతో కాదు, తేనెతో చేయిస్తున్నాం."

చాప మీద మూలుగుతున్న ఎలుగుబంటి తలెత్తింది. "తేనెతోనా?" అంది.

పొలుసమ్మ బిడ్డని తోక మీదికెక్కించుకుని నిశ్చింతగా ఇంటికి పోయింది.

నీతి: అడవిలో అమాయకులు బతికి బట్టకట్టాలంటే అధికారులు పొరపాటున కూడా నిజాయితీగా పనిచేయకూడదు.